రాజీనామా చింపేశాను

అమ్మడూ,

పాలు కాచి మూత పెట్టాను. వాన వచ్చేలా ఉంది, కిటికీలు వేసెయ్. నా పేరున నువ్వు రాసిపెట్టిన రాజీనామా ఉత్తరం చింపేసి, ప్రూఫులు దిద్దడానికి ప్రెస్సుకి వెళ్తున్నాను.

హెచ్ఐవీ నా బుర్ర తినేసిందని నువ్వే తీర్పు చెప్పేశావు. నిన్న డాక్టరమ్మ ఏమందో విను: "వైరస్ అదుపులోనే ఉంది మాస్టారూ. ఈ మతిమరుపు ఎక్కువగా డిప్రెషన్ వల్లే. దానికి వైద్యం ఉంది." మీ అమ్మ పోయాక పట్టుకున్న దిగులది. మందు మొదలుపెట్టాను.

మొన్న ఒక పేజీ దిద్దకుండా వదిలేసిన మాట నిజమే. ఇకమీదట కంపోజిటర్ పైకి చదువుతాడు, నేను లైను కింద స్కేలు పెట్టుకుని చూస్తాను. "తప్పు దొర్లితే టీ మీరే ఇప్పించాలి గురువుగారూ" అన్నాడు. జాలిపడలేదు, మహానుభావుడు.

నాన్న

మరో మాట: సాయంత్రం ఆలస్యమైతే దారి తప్పాననుకోకు. పని ఎక్కువుందనుకో.