ఆదర్శ డయోడుకు నేను వేసిన 0.7

మదనపల్లె, నవంబరు 14, శుక్రవారం

ఇవాళే రాయకపోతే రేపటికి నా తప్పును నేనే చిన్నది చేసుకుంటాను.

పోయిన వారం మనవరాలు హేమ ఒక లెక్క చేసింది. పది వోల్టుల గరిష్ఠ ఏసీకి ఆదర్శ డయోడు, నిరోధం వరుసగా కలిపితే నిరోధం మీద గరిష్ఠం పదే అని రాసింది. ఆదర్శ డయోడు కరెంటుకు దారి ఇచ్చేటప్పుడు వోల్టేజీ ఏమీ తీసుకోదు. నేను మామూలు డయోడనుకుని, ప్రశ్న సరిగా చదవకుండానే ఆ పదిని కొట్టేసి, మామూలుది తీసుకునే 0.7 వోల్టు తగ్గించి 9.3 రాయించాను. పరీక్షలో అదే లెక్క వచ్చింది.

"నువ్వు జెప్పినట్లే రాసినా అవ్వా. సారు సున్నా ఏసినాడు."

"నా పేరు చెప్పలేదా?"

"యాల చెప్పేది? ఫిజిక్స్ టీచరమ్మవి, అందరూ నగుతారు."

ఇక చేయవలసినవి:

1. తప్పు నాదని హేమకు చెప్పాలి.
2. ఆమె నోట్సులో నా కొట్టివేత పక్కన 'పదే సరి' అని రాయాలి.
3. సారును కలిసి, ఆ 9.3 నాదని చెప్పాలి. అతను నా దగ్గర చదువుకున్నవాడే. ఎలా మొదలుపెట్టాలో…