బోణీ చెయ్యి

మే 4

ఇవాళ కూడా మొదటి సరుకు సైమాయే ఇచ్చింది. నా తోటికోడలు. చలికాలంలో పెళ్లయి వచ్చింది. సారపాక రోడ్డు మీది మా కిరాణా కొట్లో అప్పటి నుంచి బోణీ ఆమెదే. ఆమె చెయ్యి పడ్డదంటే బేరం ఆగదే ఆతియా, అంటుంది అత్తమ్మ మహబూబీ. అదీ నాతోనే.

నేను ఎకనామిక్స్‌లో ఎం.ఏ. ఇది తునికాకు సీజన్, బీడీ ఆకు కోసిన కూలితో ఊళ్లలో జనం చేతుల్లో డబ్బుంది, అందుకే ఈ డిమాండ్ అని వివరించాను. అత్తమ్మ ఓపిగ్గా విన్నది. అవ్ బిడ్డా, మరి పోయినేడు సీజన్ రాలేదా, అంది.

పోయినేడు బోణీ నాది.

మే 7

వచ్చే వారం మోకాలి ఆపరేషన్‌కు అత్తమ్మ ఖమ్మం పోతుంది. పోయేముందు గల్లాపెట్టె తాళం మా ఇద్దరిలో ఒకరికి ఇస్తుందట. పెళ్లయిన దగ్గర్నుంచి ఈ కొట్లో చింతపండు తూచింది నేను. చేతికి పట్టిన ఆ పులుపు వాసన ఏ సబ్బుకూ పోదు.

తండా నుంచి వచ్చే హేమ్లి, ఉప్పు పొట్లం నా చేతిలో ఉండగానే, చిన్నమ్మనియ్యమను, ఆమె చేతిది కలిసొస్తది, అంది. సైమా నవ్వింది. ఆ నవ్వులో గర్వం లేదు. ఉంటే బాగుండేది.

మే 8

నమ్మని దాని మీద ఇంత అసూయ ఏమిటి?

మే 10, సాయంత్రం

తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే షట్టర్ నేనే ఎత్తాను. సైమా ఇంకా పొయ్యి దగ్గరే ఉంది. దూలయ్య బీడీకట్ట కోసం వచ్చాడు. ఏందమ్మా, పెద్దకోడలు గింత జల్దీ లేచింది, వాన పడ్తదేమో, అని నవ్వాడు. అతనిచ్చిన నోటు కళ్లకద్దుకున్నాను. ఎవరూ చూడలేదు.

వాన నిజంగానే పడింది. గాలికి చెట్టు కూలి రోడ్డు బందయింది. ఆ తర్వాత ఒక్క మనిషి గడప తొక్కలేదు. బెల్లం చెమ్మగిల్లింది. ఇది వాతావరణం, నా చెయ్యి కాదు. నాకు తెలుసు.

ఇయ్యాల బోణీ ఎవరు చేసిండ్రు, అని అత్తమ్మ మంచం మీంచి అడిగింది.

సైమా, అన్నాను.

సైమా అక్కడే బియ్యం ఏరుతోంది. తలెత్తి నన్ను చూసింది. మళ్లీ చేటలోకి చూసుకుంది.

మే 11

తాళం నాకే వచ్చింది. నీ చెయ్యి మారినట్టుంది బిడ్డా, కొన్నాళ్లు వంట చూసుకో, అని అత్తమ్మ సైమాతో చెప్పింది. సైమా రొట్టెలు చేసింది. చాలా మెత్తగా ఉన్నాయి. రెండు ఎక్కువే తిన్నాను.

మే 14

అత్తమ్మ ఖమ్మం పోయింది. పొద్దున్నే దూలయ్య బీడీకట్ట అడిగాడు. అరలోంచి తీశాను గానీ అతనికి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. లోపలికి పోయి సైమాను బోణీ చెయ్యమన్నాను. పిండి చేతులతో అలాగే నిలబడింది. వద్దు ఆపా, నా చెయ్యి మంచిది కాదని మీరే చెప్తిరి కదా, అంది. గొంతు కూడా పెంచలేదు.

నేనే ఇచ్చాను. రోజంతా గిరాకీ. కూర్చోవడానికి కూడా తీరిక లేదు. మరి ఇది ఎవరి చెయ్యి?

మే 15

హేమ్లి నా దగ్గర ఉప్పు కొన్నది, ఏ పేచీ లేకుండా. అరుగు దిగి, వాకిట్లో బట్టలారేస్తున్న సైమా దగ్గరికి పోయింది. పొట్లం ఆమె చేతిలో పెట్టింది. మళ్లీ తీసుకుని సంచిలో వేసుకుంది.