రాణీగారి సొరంగం

ఇంజనీరుగారికి నమస్కారం.

రాణీగారి గది గోడలో సొరంగం కోసం రేపు తవ్విస్తున్నారట. నేను ఈ మహలు గైడుని. ఆ సొరంగం తవ్వింది నేనే సార్, నా నోటితో. ఇరవై ఏళ్ళుగా గోడ తట్టి, "డొల్ల మోత విన్నారా? రాణీగారు ఇటే పారిపోయారు!" అంటే జనం చప్పట్లు కొడుతున్నారు. పోయిన వారం మీరూ కొట్టారు.

లోపల ఉన్నవి ఖాళీ కుండలు. గది చల్లగా ఉండాలని పాతకాలం మేస్త్రీలు గోడలో పేర్చారు. మొదట్లో ఈ నిజమే చెప్పాను. వినడానికి ఒక్కరూ ఆగలేదు. మా ఆవిడైతే ఆవలించింది.

ఆ గోడ పగిలితే పైకప్పు దిగిపోతుంది. నా ఉద్యోగం పీకండి, గోడ జోలికి మాత్రం పోకండి. పొద్దున్నే వస్తే అన్నీ చూపిస్తాను. నిజం చెప్పడం అలవాటు తప్పింది, తడబడితే ఏమనుకోకండి.

ఇట్లు,
మీరు నమ్మిన గైడు