పక్క తలుపు

లేదక్కా, ఈసారి పారిపోలేదు. లోపలికే వెళ్లాను. లోపలికి అంటే అక్కడ ఇంకా ఏం లేదులే. పాత లారీ షెడ్డు తీసేసిన చోట మా వయసు కుర్రాళ్ల కోసం యూత్ సెంటర్ కడతారంట కదా, ఆ ఖాళీ జాగాలో ఇంజనీరమ్మ సున్నంతో గదులన్నీ నిజం సైజులో గీసింది. "లోపలంతా తిరిగి చూసి, ఏం కావాలో చెప్పండి" అంది. నా ఫ్రెండు బొండాంగాడు గీత తొక్కబోతే మేస్త్రీ బాబాయి "ఒరేయ్, గోడకి గుద్దుకుంటావు, తలుపులోంచి రా" అన్నాడు. వాడు నిజంగానే చుట్టూ తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఒక్కరు కూడా గీత దాటలేదక్కా.

నేను దూరంగా నిలబడితే ఆమే వచ్చి "నువ్వేం చెప్తావు బాబూ" అంది. ఆమెకి మాత్రమే వినపడేలా మెల్లగా చెప్పాను. "ముందు తలుపులోంచి వస్తే అందరూ తలెత్తి చూస్తారు మేడమ్. నాలాంటోళ్లు అక్కడిదాకా వచ్చి వెనక్కి పోతారు. పక్కన చిన్న తలుపుంటే వస్తారు."

ఆమె నవ్వలేదక్కా. చెప్పుకాలితో గీత రుద్దేసి అక్కడ తలుపు గీసింది. పంక్చర్లు వేసుకునే నా మాటకి గోడ దారిచ్చింది. అందులోంచి నాలుగుసార్లు లోపలికి వెళ్లొచ్చాను.

కానీ సెంటర్ కమిటీ పెద్దాయన రెండో తలుపు దండగంటున్నాడు. ఆ తలుపు ఎందుకు కావాలో ఆదివారం మీటింగులో అందరి ముందూ నన్నే లేచి చెప్పమంది ఆమె. చెప్పకపోతే మళ్లీ గోడేనంట. సరే అనేశాను. కానీ అక్కా, అంతమంది ముందు మాట్లాడగలిగేవాడినే అయితే నాకు ఆ తలుపెందుకు, నువ్వే చెప్పు?