చేతికి పెట్టుకోని వాచీ

మార్చి 2, ఆదివారం

వాచీ వచ్చింది. రెండేళ్ళు వెయిటింగ్ లిస్టులో పడి ఉండి సంపాదించారు మా ఆయన. ధర అడిగితే నవ్వారు. బిల్లు నేనే తీసి చూశాను. ఆ డబ్బుకి కారు వస్తుంది. మాకు కారు లేదు, అది వేరే సంగతి.

సముద్రంలో దిగేవాళ్ళ వాచీ అట. రెండు వందల మీటర్ల లోతుకి వెళ్ళినా లోపలికి చుక్క నీరు పోదట. ఈయనకి బకెట్ లోతు తప్ప ఇంకో లోతు తెలియదు. అద్దం మీది ప్లాస్టిక్ పొర తియ్యకూడదట, తీస్తే రేటు పడిపోతుందట. ఇది ఖర్చు కాదు, ఇన్వెస్ట్‌మెంట్ అని మూడుసార్లు చెప్పారు. అయితే చేతికి పెట్టుకోరా అని అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

మార్చి 4

పై ఫ్లాట్‌లో దొంగలు పడ్డారు. తాళం వేసి గంట కాకముందే టీవీ, మిక్సీ పట్టుకుపోయారు. ఈయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇకమీదట మన ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలన్నారు. ఉన్నదే ఇద్దరం. ఒకరు ఆఫీసుకి వెళ్తారు. ఆ మిగిలిన ఎవరో ఒకరు ఎవరో చెప్పనక్కర్లేదు.

మార్చి 7

కూరగాయలు కూడా వాచ్‌మన్ భార్యే తెచ్చిపెడుతోంది. నేను మెట్లు దిగి మూడు రోజులైంది.

పైగా ఇంకో పని తగిలింది. దీనికి బ్యాటరీ ఉండదు. చెయ్యి కదిలితేనే ఆడుతుంది. పెట్టుకునే చెయ్యి లేదు కాబట్టి రోజూ పదకొండింటికి నేను బీరువాలోంచి తీసి అయిదు నిమిషాలు ఊపాలి. పదకొండూ అయిదుకి ఆఫీసు నుంచి ఫోన్, ఊపావా అని. ఉయ్యాలలో పిల్లాడి గురించి కూడా ఏ తండ్రీ ఇంత శ్రద్ధగా అడిగి ఉండడు.

మార్చి 9, ఆదివారం

ఆయన ఇంట్లో ఉన్నారు కాబట్టి నాకు సెలవు. వంటింటి గోడ గడియారం ఆగిపోతే వాచీల రిపేరు ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. అతను దాన్ని విప్పుతుండగా, అంత ఖరీదైన వాచీలకి అంత విలువ ఉంటుందా అని అడిగేశాను.

టైము కోసమైతే దండగమ్మా, మీ గోడ గడియారమే దానికన్నా కరెక్టుగా నడుస్తుంది అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ కంటికున్న భూతద్దం తీసి, అలాంటిది జీవితంలో ఒక్కసారి విప్పి చూశానని చెప్పాడు. వెంట్రుకంత మరలట. ఎవరికీ కనపడని చోట కూడా మెరుగు పెట్టారట. చేసినవాళ్ళ చేతులకి దండం పెట్టాలమ్మా అన్నాడు. ఆగిపోతే ఏమవుతుందని అడిగాను. ఏమవుతుంది, చేతికి పెట్టుకుంటే మళ్ళీ ఆడుతుంది అన్నాడు. నీళ్ళ సంగతి అడిగితే, కొత్తదైతే భయం లేదు, పక్కనున్న, ముల్లు తిప్పే మర గట్టిగా బిగించి ఉంటే చాలన్నాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పాను. దారిన పోయే దానయ్య మాటలు నాకు చెప్పొద్దన్నారు.

మార్చి 10, మధ్యాహ్నం 3

నేను ఇదివరకు ఈత నేర్పిన స్విమ్మింగ్ పూల్ నుంచి మేడమ్ ఫోన్! మరమ్మతులని నాలుగేళ్ళు మూసేశారు కదా, మళ్ళీ తెరుస్తున్నారట. ఉదయం రెండు బ్యాచ్‌లూ నువ్వే నేర్పాలి, ఇరవై నాలుగున వచ్చి చేరు అంది. ఫోన్ పెట్టేశాక గదిలో నిలబడి చేతులు గుండ్రంగా తిప్పాను. భుజాలు పట్టేశాయి. అయినా గుర్తున్నాయి వాటికి.

ఎంత సంతోషంగా ఉందో రాయడం నాకు చేతకాదు.

మార్చి 11

మరి ఇంట్లో ఎవరుంటారు అన్నారు.

బ్యాంకు లాకర్‌లో పెట్టండన్నాను. అక్కడ ఎవరు ఊపుతారన్నారు.

మార్చి 13

గడప దాటలేదు.

మార్చి 16, ఆదివారం

బావగారి ఇంటి నుంచి అత్తయ్య వచ్చింది. సంగతి విని, రోజూ పొద్దున పూట నేనొచ్చి కూర్చుంటానే, నువ్వు వెళ్ళు అంది. అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు, తలుపు పగలగొట్టినా తెలియదన్నారు ఈయన. నాకు చెవులే పోయాయిరా, నీకు బుర్ర పోయింది అని అత్తయ్య చెప్పులేసుకుంది. ఆవిడతోపాటు నేనూ వెళ్ళిపోదామనుకున్నాను. అక్కడ గడపలోనే ఆగిపోయాను.

మార్చి 19

పెద్ద గొడవ. ఇంటికి కుక్కని తెచ్చుకోవాల్సింది, పెళ్ళి ఎందుకు చేసుకున్నారని అడిగాను. అనకూడని మాటే. అన్నాను.

ఆయన లేచి వెళ్ళి బీరువా తాళం లాగి చూసి వచ్చారు. తర్వాత మెల్లగా చెప్పారు. మీటింగుల్లో పైవాళ్ళందరి చేతికీ ఇలాంటివే ఉంటాయట. తను మాట్లాడుతుంటే ఎవరూ తలెత్తి చూడరట. ఇదొకటి ఉంటే చూస్తారనుకున్నారట. మరి పెట్టుకుని వెళ్ళండి అన్నాను. బస్సులో ఎవడైనా లాక్కుంటే అన్నారు. గీత పడితే అన్నారు. నాకు జాలేసింది. నిజంగానే వేసింది. ఆయనా ఆ బీరువాలోనే ఉన్నారు.

జాలి వేసినంత మాత్రాన తలుపు తెరుచుకోదు కదా.

మార్చి 22

మేడమ్ మళ్ళీ ఫోన్ చేసింది. సోమవారం తొమ్మిదిన్నరకి రాకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటానంది. సరేనన్నాను. దేనికి సరే అన్నానో నాకే తెలియదు.

మార్చి 24, సోమవారం, ఉదయం 8.40

ఆయన ఆఫీసుకి వెళ్ళారు. బీరువా ముందు కూర్చున్నాను.

నేను కాపలా కాసేది ఇంటికి కాదు, వాచీకి. వాచీ ఇంట్లో లేకపోతే ఇంటికి కాపలా ఎందుకు? ఇరవై రోజులుగా ఈ ముక్క నా బుర్రకి ఎందుకు తట్టలేదు?

ప్లాస్టిక్ పొర గోటితో లాగితే ఊడి వచ్చేసింది. మర బిగించి ఉందో లేదో రెండుసార్లు చూశాను. నా చేతికి కొంచెం వదులు. చల్లగా ఉంది. అబ్బ, ఎంత బాగుందో. ముసలాయన చెప్పింది నిజమే.

తాళం వేస్తున్నాను.

11.05

పూల్ పక్కన బెంచీ మీద. చేతులు తడి, కాగితం నానిపోతోంది. ఫోన్ వచ్చింది, ఊపావా అని. గంటన్నర నుంచి ఊపుతూనే ఉన్నానన్నాను. ఆ నీళ్ళ చప్పుడేమిటన్నారు. చెప్పాను. ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు, నీళ్ళ చప్పుడు వింటున్నారు.