నురగ కనబడని ఫోటోలు

అమ్మా,

నేను పంపిన ఫోటోలు చూసి నాకు నయమైందని అందరూ కలిసి తేల్చేశారు. "సముద్రం ఎంత చల్లగా ఉందే! నీ మనసూ అలాగే కుదుటపడింది. ఆదివారం అల్లుడు కారు తెస్తున్నాడు, సర్దుకో" అన్నావు ఫోనులో. నేను నోరు తెరిచేలోపే నాన్నకి మాత్రలివ్వాలని పెట్టేశావు. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇక్కడ అక్క ఇంట్లో బావ కూడా, "పాలు కాచి గిన్నెలో పోసినట్టు తీశావు మరదలా" అని నవ్వాడు. అక్క అందులో ఒకటి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. నన్ను ఇంతగా ఎవరూ మెచ్చుకోలేదు, ఇంత తప్పుగా అర్థం చేసుకోనూ లేదు.

ఫోటోల్లో ఉన్న ఆ నల్లరాళ్ళ మీద అలలు విరిగి పడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. లెన్సుకి నల్ల అద్దం తగిలించి, షట్టర్ని చాలాసేపు తెరిచి ఉంచితే, వచ్చిన అల, విరిగిన అల, వెనక్కి పోయిన అల అన్నీ ఒకదాని మీద ఒకటి పడి పొగమంచులా కనబడతాయి. రాయికి ఎన్ని దెబ్బలు తగిలాయో ఫోటోలో ఆనవాలుండదు.

అలా ఎందుకు తీస్తున్నానో నువ్వు అడగలేదు. నా కుడిచేతి చూపుడువేలు వంగదు. అల విరిగే క్షణానికి బటన్ నొక్కలేను. అందుకని కెమెరాకి తీగ తగిలించి, ఎడమచేత్తో తీరిగ్గా తెరిచి మూస్తున్నాను. వేలు తలుపు సందులో పడిందని మీకు చెప్పాను. పడలేదు. మా ఆయనే నా చెయ్యి అక్కడ పెట్టి తలుపు మూశారు. తర్వాత ఆసుపత్రిలో డాక్టరు ముందు నా తల నిమిరి, "చూసుకోవద్దూ, బంగారం" అన్నారు. నువ్వు పక్కనే ఉన్నావు. ఎంత మెత్తని మనిషి దొరికాడో అని కళ్ళు తుడుచుకున్నావు.

నిన్న నువ్వు ఫోను పెట్టేశాక కెమెరా, దాని స్టాండు పట్టుకుని రాళ్ళ చివరికంటా వెళ్ళాను. పెద్ద అల లేవడం కనబడింది. కదలకపోతే ఆదివారం రాదు కదా అనిపించింది. నిలబడ్డాను. అది వచ్చి స్టాండుని ఊడ్చుకుపోయింది. కెమెరాని ఎప్పుడు ఊడదీసి చీర కొంగులో చుట్టానో, ఎప్పుడు రాతిని కరుచుకున్నానో నాకే తెలియదు. పోదామనుకున్నదాన్ని, కెమెరా తడవకూడదని అంత తాపత్రయం ఎందుకో. తర్వాతి అల విరిగేటప్పుడు నడివేలితో నొక్కాను. వంకరగా వచ్చింది. ఈ ఉత్తరంతో పెడుతున్నాను, చూడు. నీళ్ళు గాజు పగిలినట్టున్నాయి. నేను ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ సముద్రం అలాగే ఉంది.

తడిబట్టలతో వచ్చి అక్కకి అంతా చెప్పాను. హాల్లో ఫ్రేము తీసి బీరువా వెనక పెట్టింది. బావ జోకు వెయ్యలేదు. ఈ ఉత్తరం తనే తెస్తున్నాడు. నువ్వు చివరిదాకా చదివేవరకు ఎదురుగా కూర్చుంటానన్నాడు.

ఆదివారం అతన్ని రావద్దని చెప్పు. వచ్చినా నేను వెళ్ళను.

నీ చిన్నది