పడవలో డాక్టర్ లేడు, రోగి లేడు

సెప్టెంబర్ 8, 2019, ఆదివారం

నేను డైరీ పట్టడం ఇది మూడోసారి. మొదటిసారి మా ఆయన ఓర్విల్ చేతులు ఆయన మాట వినడం మానేసినప్పుడు. రెండోసారి మా అబ్బాయి కార్ల్‌కి అదే మొదలైనప్పుడు. ఇద్దరినీ సాగనంపాక, ఇక ఈ పని చాలనుకున్నాను. ఈ పొద్దున మనవడు ఎమ్మెట్ కాఫీ కప్పు జారవిడిచాడు. కప్పు ఎవరైనా జారవిడుస్తారు. కానీ పెంకులు ఏరుతుంటే వాడి ఎడమచేతి వేళ్లు పియానో వాయిస్తున్నట్టు వాటంతట అవే లేచి దిగాయి. వాడు చూసుకోలేదు. నేను చూశాను. అందుకే రాస్తున్నాను.

జబ్బు పేరు హంటింగ్టన్. తండ్రికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగం. ముందు వేళ్లు, తర్వాత నడక, తర్వాత మాట, చివరికి మనిషి. నయం చేసే మందు లేదు. రక్తపరీక్ష ఉంది. ఎమ్మెట్ చేయించుకోలేదు. తండ్రి పోయిన ఏడు, పంతొమ్మిదేళ్లప్పుడు, ఇదే వంటింట్లో నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నానమ్మా, నీ కంటికి ఏం కనబడినా సరే, నేనే నోరు తెరిచి అడిగేదాకా చెప్పొద్దు, అన్నాడు. సరేనన్నాను. నర్సింగ్ కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన కళ్లు నావి. చూడకుండా ఉండమంటే ఉండవు. ఇప్పుడు వాడికి ముప్పై మూడు.

రేపటి నుంచి కోర్సు. పద్దెనిమిది మంది డాక్టర్లు. లైసెన్సు నిలవాలంటే వాళ్లు ఇన్ని గంటలు చదువుకున్నామని కాగితం చూపాలి, గంటకో క్రెడిట్. ఏ హోటల్ హాల్లోనో కునుకు తీసే బదులు మాడిసన్ నది ఒడ్డున మా లాడ్జికి వస్తారు. ఏడు నుంచి పదకొండు దాకా పాఠాలు. భోజనమయ్యాక ట్రౌట్ చేపల వేట. పడవకు ఇద్దరు డాక్టర్లు, తెడ్ల దగ్గర ఒక గైడ్. హాజరు వేసేది నేను. గైడ్లలో అందరికంటే మంచివాడు ఎమ్మెట్. ఆ నీళ్లలో రాళ్లున్నాయి, పాత వంతెన స్తంభాలున్నాయి.

వాడిని తెడ్ల దగ్గర కూర్చోనిస్తే మనుషుల ప్రాణాల మీదకు రావచ్చు. కూర్చోవద్దంటే ఒట్టు తప్పినట్టే.

సెప్టెంబర్ 9, సోమవారం

డాక్టర్ ప్రూయిట్ పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. గుండె సర్జన్. మొదటి గంట క్రెడిట్ ఇవ్వనన్నాను. హెడ్మిస్ట్రెస్ గారూ, బాత్రూమ్‌లో వేడినీళ్లు రాలేదండీ, అన్నాడు. మిగతా పదిహేడు మందికీ ఆ చన్నీళ్లే వచ్చాయి బాబూ, అన్నాను. అందరూ నవ్వారు. క్రెడిట్ ఇవ్వలేదు.

కక్ష తీర్చుకున్నాడు. రక్తపోటు పాఠంలో నమూనాకు నన్నే కూర్చోబెట్టి పట్టీ చుట్టాడు. 168/94. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాడు. సీసా అలమరలో ఉంది, మూత తీయలేదు అన్నాను. ఎందుకు అన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లకు ఎవరిని ఉద్ధరించడానికి అన్నాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

గోడ మీద బోర్డు మళ్లీ తుడిచి పెట్టాను. ‘పడవలో డాక్టర్ లేడు, రోగి లేడు.’ పదిహేనేళ్ల కిందట నేనే రాయించాను. అంతకుముందు గైడ్లంతా నది మధ్యలో డాక్టర్లకు మోకాళ్లు చూపించేవాళ్లు. ముసలి గైడ్ డ్వేన్ అయితే ఒకసారి నడుము కింద దద్దురు చూపించడానికి ప్యాంటే విప్పబోయాడు. నాటి నుంచి ఇది నియమం. పడవలో వైద్యం అడగకూడదు, చెప్పకూడదు.

సాయంత్రం డ్వేన్ వంటింటి గుమ్మంలో నిలబడి ఇకిలించాడు. ఏం వదినా, మీవాడు ఏ పిల్లను తల్చుకుంటున్నాడో, ఇవాళ వంతెన స్తంభానికి పడవ గీరించాడు, ఓర్విల్ బతికుంటే చెవి మెలిపెట్టేవాడు, అన్నాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఓర్విల్ కూడా మొదటిసారి ఆ స్తంభానికే గీరించాడు. డ్వేన్‌కి అది గుర్తున్నట్టు లేదు. గుర్తుండే ఇకిలించాడేమో.

సెప్టెంబర్ 10, మంగళవారం

కప్పులు నిండుగా పోయొద్దని వంటమనిషికి చెప్పాను. ఎందుకని అడిగింది. పొదుపు అన్నాను.

సెప్టెంబర్ 11, బుధవారం

ఇవాళ పాఠం డాక్టర్ కింటానాది. నరాల డాక్టరు. డెన్వర్ నుంచి వచ్చింది. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడుతుంది, గంటకు గంట కచ్చితంగా ముగిస్తుంది. నాకు నచ్చింది. పాఠం శరీరపు కదలికలు అదుపు తప్పే జబ్బుల గురించి. పాఠాల పట్టికలో అది ఆరు నెలల ముందే ఉంది. ఎమ్మెట్‌ని ఆ సమయానికి ఊళ్లోకి పంపాలనుకుని, మంచుగడ్డలు తెమ్మన్నాను. అరగంటలో తెచ్చేశాడు.

వీడియోలో ఒకాయన నడుస్తున్నాడు. చేతులు గాల్లో వాయిస్తున్నాయి, భుజం ఎగురుతోంది. చూసేవాళ్లకు నాట్యంలా ఉంటుంది. అప్పుడే ఎమ్మెట్ మంచుపెట్టె మోసుకుంటూ వెనక తలుపులోంచి వచ్చాడు. పెట్టె దించలేదు. ఆ మనిషి తెర దాటి వెళ్లేదాకా మోస్తూనే నిలబడ్డాడు. వాడి కనుబొమ్మ ఒకటి పైకి ఎగిరింది, మళ్లీ ఎగిరింది.

హాల్లో పద్దెనిమిది తలలు. తలుపు చప్పుడైతే ఎవరైనా వెనక్కి చూస్తారు. ఒక్క తల కూడా తిరగలేదు. అందరూ తెర వైపే చూశారు, మెడలు బిగించుకుని. సోమవారం నుంచి వాడి పడవ ఎక్కినవాళ్లు నలుగురు. మిగతావాళ్లకు వాడు రోజూ కాఫీ అందిస్తూనే ఉన్నాడు. అందరికీ తెలిసిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది. నాకు తెలుసన్న సంగతి వాళ్లకు తెలియదు.

రాత్రి భోజనాలయ్యాక డాక్టర్ కింటానా అడక్కుండానే గుడ్డ తీసుకుని నా పక్కన నిలబడి గిన్నెలు తుడిచింది. ప్లేట్లు తుడిచింది, మూకుడు తుడిచింది, ఆరిపోయిన చెంచాలు కూడా మళ్లీ తుడిచింది. వెళ్లేముందు, మా క్లినిక్‌లో పరీక్ష కోరుకున్నవాళ్లతోనే కాదండీ, వద్దనుకున్నవాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికి కూడా మనుషులున్నారు, ఊరికే చెబుతున్నా, అంది. మా ఆయనకూ మా అబ్బాయికీ గిన్నెలు నేనే తుడిచానమ్మా, అన్నాను. తనకు అర్థమైంది. చేతిలో గుడ్డ నాలుగు మడతలు వేసి పెట్టింది. చక్కెర గిన్నె కింద కార్డు వదిలింది.

సెప్టెంబర్ 12, గురువారం, పొద్దున

నిర్ణయించుకున్నాను. లాడ్జి వెనక కట్టెలు కొట్టాలి, ఇవాళ నీ పడవ డ్వేన్ తీసుకెళ్తాడు, అన్నాను ఎమ్మెట్‌తో. సెప్టెంబర్లో కట్టెలేంటి నానమ్మా, షెడ్డు కప్పుదాకా నిండి ఉంది, అన్నాడు. చలి ముందే వస్తుందట, అన్నాను. నా మొహంలోకి చూశాడు. నీకు అబద్ధాలు రావు, ఈ వయసులో నేర్చుకోకు, అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. డ్వేన్‌ని పిలిచి, వాడి పడవ వెనకే నీ పడవ ఉండాలి, కంటి దూరంలో, అన్నాను. డ్వేన్ ఈసారి ఇకిలించలేదు. అలాగే వదినా, అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

అన్ని పడవలూ క్షేమంగా వచ్చాయి. ఎమ్మెట్ భోజనానికి రాలేదు.

సెప్టెంబర్ 13, శుక్రవారం

కోర్సు అయిపోయింది. పదిహేడు మందికి పూర్తి క్రెడిట్లు, ప్రూయిట్‌కి ఒక గంట తక్కువ. సంతకాలు పెట్టి ఇచ్చాను. ప్రూయిట్ తన కాగితం తీసుకుంటూ, ఆ సీసా మూత తీయండమ్మా, అన్నాడు. హెడ్మిస్ట్రెస్ అనలేదు. వెళ్లేముందు ఒక్కొక్కరే ఎమ్మెట్ దగ్గరకు పోయి కరచాలనం చేశారు. రెండు చేతులతో పట్టుకున్నారు. డాక్టర్ కింటానా అందరికంటే తక్కువసేపు పట్టుకుంది. అందుకు ఆమెకు రుణపడి ఉంటాను.

వాళ్ల కార్లు వంపు తిరిగాక ఎమ్మెట్ అన్నాడు, నానమ్మా, బూట్లు వేసుకో, పడవలో తిప్పుతాను. వంట ఉంది అన్నాను. తినేవాళ్లెవరు, అన్నాడు.

ఓర్విల్ చెక్కిన తెడ్లు అవి. వాడు తెడ్డు వేస్తుంటే నేను చేతుల వైపు చూడలేదు. ఒడ్డున పసుపు తిరిగిన కాటన్‌వుడ్ చెట్లను చూశాను. స్తంభాల దగ్గర ముందుగానే ఎడమకు లాగి, కావలసినదానికంటే చాలా దూరంగా దాటించాడు. దాటాక ఊపిరి వదిలాడు. అప్పుడు తెలిసింది, వాడు కూడా బిగబట్టే ఉన్నాడని.

మలుపులో నీళ్లు నెమ్మదించే చోట లంగరు వేసి గాలం కర్ర తీశాడు. చేపకు ఎరగా కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి చేసిన ఈగ, గోధుమగింజ అంత ఉంటుంది. దాని బెజ్జంలోకి దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. మళ్లీ. మళ్లీ. నాకిచ్చాడు. కట్టు నానమ్మా, అన్నాడు.

దారం ఎక్కించాను. ఐదు చుట్లు తిప్పి, ఉమ్మితో తడి చేసి ముడి బిగించాను. ఒక్కసారికే వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల వేళ్లు, ఆవగింజంతైనా వణకలేదు. వాడు ఆ వేళ్లనే చూస్తున్నాడు. నాకు జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

అప్పుడు చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం నా పడవలో ఇద్దరూ ముడులు మేమే కట్టుకుంటాం, ప్రాక్టీసు కావాలన్నారు. నిన్న ఇంకో ఇద్దరు అదే మాటన్నారు. పన్నెండేళ్లుగా గైడ్‌ని నానమ్మా, ముడి ప్రాక్టీసు కావాలన్న డాక్టర్ని ఒక్కడిని చూడలేదు. గాలం చెట్టుకు తగిలించుకుని నన్ను తిట్టేవాళ్లు. ప్రూయిట్ పోయినేడు, నిద్రపోతున్నావేంట్రా, చేప పోయిందని అరిచాడు. నిన్న చేప పోతే, నాదే తప్పు ఎమ్మెట్, సారీ, అన్నాడు. వాళ్లు అంత మర్యాదగా ఎవరితో ఉంటారో నాకు తెలుసు. నాన్న పక్కన ఆస్పత్రి గదుల్లో ఐదేళ్లు కూర్చున్నాను.

నా బోర్డు వాళ్ల నోళ్లు మూయించింది. ఏం లాభం. చేతులతో చెప్పేశారు.

ఒట్టు ఒట్టే. వాడు అడగలేదు ఇంకా.

కర్ర విసిరాడు. భుజం ఒక్కసారి ఎగిరినా దారం చక్కగానే సాగి, ఈగ వాలవలసిన చోటే వాలింది. చేప లేచింది. ఒడుపుగా లాగి, నీళ్లలోనే కొక్కెం విప్పాడు. మంచి సైజు బ్రౌన్ ట్రౌట్. అది ఊపిరి తెచ్చుకునేదాకా అరచేతుల్లో నీటికి ఎదురుగా పట్టుకున్నాడు. చేయి కదులుతోంది, చేప కదులుతోంది, ఏది ఏదో తెలియలేదు. వదిలేశాడు.

వీపు నా వైపే పెట్టి అన్నాడు. నానమ్మా, అడుగుతున్నాను.

అవును నాన్నా, అన్నాను. ఆదివారం నుంచి.

కప్పు పగిలినప్పుడా, అన్నాడు. కప్పు పగిలాక, అన్నాను. ఆ కప్పు నాకసలు నచ్చదు, దాని మీద మూస్ దుప్పి బొమ్మ మేకలా ఉంటుంది, అన్నాడు. ఇద్దరం నవ్వాం. వాడు నవ్వుతూనే తలను నా ఒళ్లో పెట్టాడు. వాడి భుజం నా మోకాలి మీద కొట్టుకుంటూ ఉంది. ఏడుపు వల్లనో, దానివల్లనో. నేను విడదీసి చూడలేదు. మొదటిసారి, చూడకుండా ఉండగలిగాను.

వెనక్కి వచ్చేటప్పుడు కూడా వాడే తెడ్లు వేశాడు. ఈ పడవలో ఇక నువ్వే చివరి కస్టమర్‌వి, అన్నాడు.

సెప్టెంబర్ 15, ఆదివారం

చక్కెర గిన్నె ఎత్తి చూశాను. కార్డు లేదు. ఎమ్మెట్ తీసుకున్నాడు.

సెప్టెంబర్ 16, సోమవారం

ఇక జరగవలసినవి:

1. డెన్వర్ ప్రయాణం, అక్టోబర్ 3. ఫోన్ ఎమ్మెట్ చేసుకున్నాడు. నేను తోడు వెళ్లాలి. వాడికి బదులు జవాబులు చెప్పకూడదు.

2. తెడ్లు డ్వేన్‌కి. ఎమ్మెట్ తన చేత్తో ఇవ్వాలి. ఆ సమయంలో నేను అక్కడ ఉండకూడదు.

3. వచ్చే ఏడు కోర్సులో డాక్టర్లకు ఒడ్డున గడ్డి మీద గాలం విసరడం ఎమ్మెట్ నేర్పాలి. తప్పు చేస్తే తిట్టాలి. వాళ్లు కూడా తిరిగి తిట్టాలి. మొదటి రోజే అందరికీ చెప్పాలి.

4. బోర్డు దించాలి.

5. మెట్లకు రెండో పక్క కూడా కడ్డీ. ఇప్పుడే.

6. మూతలున్న బరువైన కప్పులు, లాడ్జికి సరిపడా. ఇక అందరం వాటిలోనే తాగాలి, నాతో సహా.

7. రక్తపోటు మాత్ర, రోజూ పొద్దున ఒకటి. ఇవాళ మూత తీశాను. ఉప్పు తగ్గించాలి, వెన్న మానాలి. జబ్బు మొదలైనప్పటి నుంచి చివరిదాకా ఓర్విల్‌కి పదిహేనేళ్లు పట్టింది. నేను తొంభై మూడు దాకా ఉండాలి.